సముద్రానికి హాజరుపట్టీ

"ఒక్కచోట నిలవనిదాన్ని కొలుచుకు రండి,
రెండు వారాలు గడువు" అంది కార్కామో టీచరు.
ఒకడు పొంగే రొట్టెపిండిని ఎంచుకున్నాడు,
ఇంకొకడు వాళ్ళ కుక్కపిల్ల తోకని.
మా అక్క దొమితీలా
కిటికీలోంచి కిందకి చూసింది.

చిలోయే దీవిలో మా ఇల్లు
పంచె ఎగగట్టిన మనిషిలా
గుంజల కాళ్ళమీద నిలబడి ఉంటుంది.
పొద్దున కింద బురద, నత్తలు, పక్కకి ఒరిగిన పడవ.
మధ్యాహ్నానికి ఆ పడవే లేచి వచ్చి
మా మెట్లకి భుజం రాస్తుంది.

తాత పాత తెడ్డుగడ తెచ్చి
ఇంటి గుంజకి కట్టింది అక్క.
జానకో ఉన్ని పట్టీ,
ఎర్రది, నీలిది, మళ్ళీ ఎర్రది.
ఉన్ని చాలక తాత మేజోడు ఒకటి విప్పేసింది.
(రెండోది ఆయన చాన్నాళ్ళు ఒక్కకాలికే తొడిగాడు.)

పట్టీలు లెక్కపెట్టడం, లాంతరు పట్టడం నా పని.
నాకప్పుడు ఆరేళ్ళు.
పదమూడు తర్వాత పదిహేను అనేవాణ్ణి.
అందుకే ప్రతి లెక్కా రెండుసార్లు.

మొదటిరోజు పోటు పూర్తిగా ఎక్కింది
మధ్యాహ్నం పన్నెండూ యాభైకి.
మర్నాడు పన్నెండూ యాభైకి వెళితే
నీళ్ళింకా ఎక్కుతూనే ఉన్నాయి.
మూడోరోజు మరీ ఆలస్యం.
"గడియారం ముందుకి పోతోంది" అంది అక్క.
అయిదింటి పడవ కూతతో సరిచూసింది.
గడియారం తప్పేం లేదు.
తప్పంతా సముద్రానిది.

వల కుడుతున్న తాతతో చెప్పింది.
"అది రోజూ ఆలస్యమే, నా మోకాళ్ళకి తెలుసు."
"ఎంత ఆలస్యం?"
"కొంచెం."
"కొంచెమంటే ఎన్ని నిమిషాలు?"
తాత సూది గాల్లోనే ఆగింది.
డెబ్భైఏళ్ళలో ఆయన్నెవరూ ఆ మాట అడగలేదట.

ఎనిమిదోరోజు సముద్రం బద్ధకించింది,
మెట్లదాకా రానేలేదు.
ఆ వారమంతా వాన.
నాలుగు రాత్రులే ఆకాశం తెరుచుకుంది.
లాంతరు పట్టుకుని నిలబడీ నిలబడీ విసుగెత్తి
నేను చర్చి శిఖరం వైపు చూసేవాణ్ణి.
"అక్కా, నిన్న ఈపాటికి
చందమామ శిఖరం వెనక్కి దిగిపోయాడు.
ఇవాళ ఇంకా పైనే ఉన్నాడు."
అక్క నా మొహం చూసింది,
తర్వాత ఆకాశం, తర్వాత నీళ్ళు.
బడికి ఆలస్యంగా వచ్చే ఇద్దరు పిల్లలు
దారిలో ఎక్కడో కలుసుకుంటున్నారని
ఆమెకి అప్పుడే అనుమానమొచ్చింది.

పదకొండోరోజు సాయంత్రం గాలివాన
గడని ఉన్నితో సహా పట్టుకుపోయింది.
కొత్త గడ మర్నాడుగానీ దొరకలేదు.
పట్టికలో ఒక గడి ఖాళీ.
అక్క ఏడ్చింది, పెన్సిలు కొరికింది,
ఏదో ఒక అంకె వెయ్యబోయింది, చెరిపేసింది.

పదిహేనో రోజు రాత్రి,
పన్నెండు దాటి అరగంటకి,
నిండు చందమామ నడినెత్తిమీద ఉండగా
పోటు మళ్ళీ మెట్లెక్కింది.
మొదటిరోజునుంచి మొత్తం జాప్యం
ఏడువందల నిమిషాలు.
పద్నాలుగుతో భాగిస్తే యాభై.

"మరి ఖాళీ గడి?" అన్నాను.
"సగటుకి మొదటిదీ చివరిదీ చాలురా!"
అని తనే ఆశ్చర్యపోయి
మంచంమీద రెండుసార్లు ఎగిరింది.
గుంజలన్నీ కిర్రుమన్నాయి.
తాత నిద్రలోంచే తిట్టాడు.

టీచరు ఎర్రపెన్నుతో
ఆ ఖాళీ గడి చుట్టూ సున్నా చుట్టి
"ఇది నాకు నచ్చింది" అని రాసింది.
బహుమతి మాత్రం రొట్టెపిండి కొట్టేసింది.
తినడానికి బావుంది మరి.

ఇప్పుడు నేను ఆ పడవలోనే టిక్కెట్లు చింపుతాను.
అక్కకి ఇన్నేళ్ళూ చెప్పనిది ఒకటుంది.
ఆ గాలివాన రాత్రి నేను మేలుకునే ఉన్నాను.
నీళ్ళు గడప నాకి
వెనక్కి తిరగడం చూశాను.
గోడమీద గడియారమూ చూశాను.
పెద్దముల్లు రెండుమీద ఉంది.
చిన్నముల్లు కూడా చూడాలని
నాకప్పటికి ఎవరూ నేర్పలేదు.